పుట్టగొడుగు – ఒంటికి కావలసిన ఖనిజాలు

తొలకరి వానలు పడతాయి. ఉరుములు ఉరుముతాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి పుట్టల మీద, గట్ల మీద తెల్లని గొడుగులు లేస్తాయి. పుట్ట మీద లేచే గొడుగు కాబట్టి దీన్ని పుట్టగొడుగు అన్నారు. కొన్ని ఊళ్లలో పుట్టకొక్కులు అంటారు.

ఉరుము ఉరిమితేనే ఇవి పుడతాయని పెద్దలు చెప్తారు. నిజానికి ఉరుము కన్నా తడి ముఖ్యం. పుట్టలోపల చెదపురుగులు ఒక రకం బూజును పెంచుకుంటాయి. దాన్ని తిని బతుకుతాయి. వాన తడి తగలగానే ఆ బూజు నుంచి గొడుగులు బయటికి వస్తాయి. అంటే మనిషి కన్నా ముందే చెదపురుగులు ఈ సాగు నేర్చుకున్నాయన్నమాట!

పుట్టగొడుగు మొక్క కాదు. దానికి ఆకు లేదు. పచ్చదనం లేదు. ఎండ నుంచి తన తిండి తాను తయారు చేసుకోలేదు. గడ్డి, కట్టె, పేడ, ఆకు చెత్త – వీటిని కుళ్లబెట్టి, అందులోని సారం పీల్చుకుని బతుకుతుంది. మనకు పైకి కనిపించే గొడుగు దాని కాయ లాంటిది. అసలు చెట్టంతా లోపలే ఉంటుంది. సన్నని తెల్ల దారాల లాగ గడ్డి అంతా అల్లుకుని ఉంటుంది. ఆ దారాలు గడ్డిలో ఏముంటే దాన్ని లాగుతాయి. మంచి ఉంటే మంచిని లాగుతాయి. విషం ఉంటే విషాన్నీ లాగుతాయి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఖనిజాలు అంటే ఏమిటి?

పొయ్యిలో కట్టె కాలుతుంది. చివరికి బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఉండేవి ఖనిజాలు. చెట్టు వాటిని మట్టి నుంచి తీసుకుంది. మన ఒంట్లోనూ ఖనిజాలు ఉన్నాయి. ఎముకలో సున్నం ఉంది. దాన్నే కాల్షియం అంటారు. రక్తంలో ఇనుము ఉంది. జింకు, రాగి, అయోడిన్, సెలీనియం వంటివి కొంచెం కొంచెం ఉన్నాయి. కొంచెమే కదా అని వదిలేయడానికి లేదు. అయోడిన్ చాలకపోతే మెడ దగ్గర గొంతు వాపు వస్తుంది. దాన్నే గాయిటర్ అంటారు. అందుకే ఉప్పులో అయోడిన్ కలుపుతున్నారు. మన దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లో మొదలైంది.

ఇనుము చాలకపోతే రక్తహీనత వస్తుంది. కంటి రెప్ప లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోతుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. నాట్లు వేస్తుంటే కళ్లు తిరుగుతాయి. గర్భిణికి రక్తహీనత ఉంటే కాన్పు సమయంలో ప్రాణం మీదికి వస్తుంది. పుట్టే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. 2019–21లో ప్రభుత్వం దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో కూడా లెక్క ఇంచుమించు ఇంతే. అంటే చదువుల కేంద్రంలో పదిమంది ఆడవాళ్లు కూర్చుంటే అందులో ఐదారుగురికి రక్తం తక్కువ.

పుట్టగొడుగులో ఏముంది?

హైదరాబాదులో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇది 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఎవరికి ఏ పోషకం ఎంత కావాలో ఈ సంస్థ లెక్క కట్టి చెప్తుంది. 2020లో చెప్పిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాములు కావాలి. నెలనెలా రక్తం పోతుంది కనుక ఆడవాళ్లకు ఎక్కువ కావాలి. కానీ చాలా ఇళ్లలో ఆడది చివర తింటుంది, మిగిలింది తింటుంది. లెక్క తిరగబడింది!

మరి పుట్టగొడుగులో ఎంత ఇనుము ఉంది? ముత్యపు చిప్ప పుట్టగొడుగు అని ఒక రకం ఉంది. ఆల్చిప్ప ఆకారంలో ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా పెంచేది దీన్నే. పచ్చివి 100 గ్రాములు తీసుకుంటే అందులో 90 గ్రాముల వరకు నీరే. మాంసకృత్తులు 3 గ్రాముల చిల్లర ఉంటాయి. కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. పొటాషియం 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇనుము మాత్రం ఒక మిల్లీగ్రాము పైన కొంచెం. రాగి కూడా కొద్దిగా ఉంటుంది. తిన్న ఇనుమును ఒళ్లు సరిగా వాడుకోవాలంటే రాగి కావాలి.

పుట్టగొడుగు తింటే రక్తం పడుతుందని కొందరు గొప్పగా చెప్తారు. ఇక్కడ కొంచెం లెక్క వేసి చూడాలి. ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒక్క మాత్రలో ఉన్న ఇనుము పుట్టగొడుగుల నుంచి రావాలంటే సుమారు నాలుగున్నర కిలోలు తినాలి. ఎవరు తినగలరు? కాబట్టి పుట్టగొడుగు కూర చేసుకున్నామని మాత్ర మానకూడదు. కూర కూరే, మాత్ర మాత్రే. పుట్టగొడుగులను తోటకూరతోనో మునగాకుతోనో కలిపి వండి, పైన నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము ఒంటబట్టదు. టీ గంట ఆగి తాగవచ్చు.

ఖనిజం ఎక్కించిన పుట్టగొడుగు

పుట్టగొడుగు దారాలు గడ్డిలో ఉన్నదాన్ని లాగుతాయని చెప్పుకున్నాం కదా. అయితే గడ్డిలో మనమే ఒక ఖనిజం కలిపితే? అది పుట్టగొడుగులోకి ఎక్కుతుందా? ఉప్పులో అయోడిన్ కలిపినట్టు, పుట్టగొడుగు చేతనే ఖనిజాన్ని మోయించవచ్చా? శాస్త్రజ్ఞులు ఇదే పరీక్షించారు. ఎక్కువగా సెలీనియం మీద పని చేశారు.

సెలీనియం ఎందుకంటే, దీని వెనక ఒక కథ ఉంది. చైనాలో కెషాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ 1935లో ఒక గుండె జబ్బు బయటపడింది. చిన్నపిల్లలు, పిల్లలను కనే వయసు ఆడవాళ్లు ఎక్కువగా చనిపోయారు. చాలా ఏళ్లు కారణం తెలియలేదు. చివరికి మట్టిలో సెలీనియం లేదని గుర్తించారు. మట్టిలో లేదు కనుక పంటలో లేదు. పంటలో లేదు కనుక మనిషిలో లేదు. 1974 నుంచి 1976 వరకు అలాంటి ఒక ప్రాంతంలో పిల్లలకు సెలీనియం మాత్రలు ఇచ్చి చూశారు. జబ్బు బాగా తగ్గింది.

అదే చైనాలో ఎన్‌షీ అనే చోట దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి జరిగింది. అక్కడి మట్టిలో సెలీనియం మరీ ఎక్కువ. 1960 తర్వాత కొన్నేళ్లు అక్కడి జనానికి జుట్టు ఊడిపోయింది. గోళ్లు రాలిపోయాయి. ఒకే దేశంలో ఒకచోట లేక చచ్చారు, ఇంకోచోట ఎక్కువై బాధపడ్డారు.

సెలీనియం ఎంత కావాలి? రోజుకు 40 మైక్రోగ్రాములు చాలు. మైక్రోగ్రాము అంటే ఎంతో చూద్దాం. ఒక గ్రామును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మిల్లీగ్రాము. ఆ మిల్లీగ్రామును మళ్లీ వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రోగ్రాము. అంటే గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములు ఉన్నాయి. రోజుకు 40 చొప్పున వాడితే ఒక్క గ్రాము 25,000 రోజులు వస్తుంది. అంటే 68 సంవత్సరాలు! చిటికెడంత సెలీనియం ఒక మనిషికి జన్మంతా సరిపోతుంది. రోజుకు 400 మైక్రోగ్రాములు దాటితే మాత్రం అది మందు కాదు, విషం.

బ్రెజిల్ దేశంలో కాఫీ తోటలు ఎక్కువ. కాఫీ గింజల పొట్టు కుప్పలుగా మిగిలిపోతుంది. అక్కడ వీసోజా అనే ఊరి విశ్వవిద్యాలయం వారు ఆ పొట్టులో కొలత ప్రకారం సెలీనియం లవణం కలిపారు. దాని మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచారు. పొట్టులో సెలీనియం పెంచిన కొద్దీ పుట్టగొడుగులోనూ పెరిగింది. మోతాదు మించితే మాత్రం దిగుబడి పడిపోయింది. ఇనుము, జింకు కలిపి కూడా చూశారు. సెలీనియం ఎక్కినంత తేలికగా అవి గొడుగులోకి ఎక్కలేదు. మనకు ముందు కావలసింది ఇనుము. అది ఎక్కకపోవడం మన దురదృష్టం అనుకోవాలి.

మన దేశంలోనూ ఒక ప్రయోగం జరిగింది. పంజాబులో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల మట్టిలో సెలీనియం ఎక్కువ. శివాలిక్ కొండల నుంచి వాన నీటితో కొట్టుకొచ్చిన మట్టిలో అది వచ్చిందని చెప్తారు. అక్కడ గడ్డి మేసిన పశువులకు గిట్టలు పగిలాయి. వెంట్రుకలు ఊడాయి. ఆ గోధుమ గడ్డి పశువుకు పనికిరాదు. మరి దాన్నేం చేయాలి? పాటియాలా శాస్త్రజ్ఞులు ఆ గడ్డి మీద పుట్టగొడుగులు పెంచి చూశారు. పైనుంచి ఏమీ కలపలేదు. గడ్డిలో ఉన్న సెలీనియాన్నే పుట్టగొడుగు లాగింది. మామూలు గడ్డి మీద పెరిగిన వాటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సెలీనియం వచ్చింది. అలాంటి పుట్టగొడుగును కొలత ప్రకారం కొంచెం తింటే, సెలీనియం తక్కువైన చోట పనికొస్తుంది. పశువును చెరిపిన గడ్డి మనిషికి ఉపయోగపడే తిండి కావచ్చు. అయితే ఎంత తినాలో ప్రయోగశాల చెప్పాలి. కంటికి తెలియదు, నాలుకకు తెలియదు.

మన ఇంట్లో కలపవచ్చా?

కలపకూడదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. వరి పొలంలో జింకు లోపం వస్తే రైతులు జింకు సల్ఫేటు చల్లుతారు. పొలానికి మంచిదైతే పుట్టగొడుగుకూ మంచిదే కదా అని ఎరువుల కొట్లో తెచ్చి గడ్డి సంచిలో పోసేవారు ఉండవచ్చు. అది పొలం కోసం చేసిన మందు. తిండి కోసం శుభ్రం చేసింది కాదు. అందులో సీసం, కాడ్మియం లాంటి చెడ్డ లోహాలు కలిసి ఉండవచ్చు. పుట్టగొడుగు వాటినీ పీల్చుకుంటుంది. సెలీనియం లవణమైతే చేత్తో ముట్టుకోవడమే ప్రమాదం.

అదే కారణంగా ఫ్యాక్టరీ నీరు పారే చోట, పెద్ద రోడ్డు పక్కన, చెత్త కుప్పల దగ్గర లేచిన పుట్టగొడుగులు తినకూడదు. పురుగుమందు బాగా కొట్టిన గడ్డి పెంపకానికి వాడకూడదు.

ఎండ మాత్రం కలపవచ్చు

ఖర్చు లేకుండా ఇంట్లో చేయగలిగే పని ఒకటి ఉంది. ఎముకకు కాల్షియం పట్టాలంటే డి విటమిన్ కావాలి. అది లేకపోతే పిల్లలకు కాళ్లు దొడ్డిగా వంకరపోతాయి. పెద్దవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. మన చర్మం మీద ఎండ పడితే ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. పుట్టగొడుగులోనూ అంతే! దానిలో ఉండే ఒక పదార్థం ఎండ తగలగానే డి విటమిన్‌గా మారుతుంది. చీకటి గదిలో పెరిగిన పుట్టగొడుగులో అది దాదాపు ఉండదు.

కూరకు తరిగే ముక్కలను వండే ముందు పళ్లెంలో పలచగా పరవాలి. గొడుగు అడుగున గీతలు గీతలుగా ఉండే వైపు పైకి తిప్పాలి. నడి పొద్దున అరగంట ఎండలో పెట్టాలి. అద్దం కిటికీ వెనక పెడితే లాభం లేదు, నేరుగా ఎండ తగలాలి. ఆ తర్వాత మామూలుగా వండుకోవచ్చు. వండితే డి విటమిన్ అంతా పోదు. మిగిలిపోయినవి గలగలమనేలా ఎండబెట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో దాచుకోవచ్చు.

అడవి పుట్టగొడుగుతో జాగ్రత్త

వాన పడిన మర్నాడు అత్త కొంగు నిండా పుట్టగొడుగులు తెచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, గట్టు మీద లేచినయి. కూర చెయ్యి."

"అత్తమ్మా, ఇవి మంచివో కావో ఎట్లా తెలుస్తది?"

"నా వెండి మెట్టె వేసి ఉడకపెట్టు. నల్లబడకపోతే మంచివే. మా అమ్మ అట్లాగే చేసేది."

"మేకలు కూడా తింటున్నయి కదత్తమ్మా!"

"మరింకేం, వండు."

ఇలాంటి మాటలు చాలా ఇళ్లలో వినిపిస్తాయి. ఈ పరీక్షలు ఒక్కటీ నిజం కాదు. విషపు పుట్టగొడుగు వెండిని నల్లబరచదు. మేకకు, నత్తకు ఏమీ కానిది మనిషిని చంపవచ్చు. రంగుగా ఉన్నవే విషం అనుకోవడం కూడా పొరపాటు. అన్నిటి కన్నా ప్రమాదమైన రకాల్లో కొన్ని లేతగా, తెల్లగా, చూడముచ్చటగా ఉంటాయి. వాటి విషం ఎంత ఉడికించినా పోదు.

ఇంకో మోసం ఉంది. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటలు, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది. అప్పటికే కాలేయం పాడవుతూ ఉంటుంది. తగ్గింది కదా అని ఇంట్లో కూర్చుంటే మనిషి దక్కడు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. చాలామంది తేయాకు తోటల కూలీలు, వారి పిల్లలు. ఎవరికైనా ఇలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. తిన్నవాటిలో ముక్క మిగిలితే దాన్నీ కాగితంలో చుట్టి తీసుకుపోవాలి. డాక్టరుకు అది పనికొస్తుంది.

తరతరాలుగా తింటున్న పుట్ట మీది రకాలు బాగా ఎరిగినవారు ఇప్పుడూ ఉన్నారు. వారి మాట వేరు. సరిగా తెలియనివారు కొని తినడమో, పెంచుకు తినడమో మేలు.

పెంచే తీరు

ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు వరిగడ్డి చాలు. పొలం అక్కర్లేదు. గాలి ఆడే పాక, చల్లని మూల ఉంటే సరిపోతుంది. వానాకాలం నుంచి శీతాకాలం చివరి దాకా బాగా వస్తుంది. ఎండాకాలంలో ఇది రాదు. ఎండాకాలానికి పాల పుట్టగొడుగు ఉంది. అది 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనూ పెరుగుతుంది. దాన్ని మొదట బెంగాలులో 1974లో గుర్తించారు.

శుభ్రమైన, వాన తగలని గడ్డి తీసుకోవాలి. రెండంగుళాల ముక్కలుగా నరకాలి. గోనె సంచిలో కుక్కి రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొద్దున్నే ఆ సంచిని బాగా కాగిన నీళ్లలో గంటసేపు ఉంచాలి. గడ్డిలో ఉన్న వేరే బూజులు దీనితో చస్తాయి. తర్వాత నీడలో శుభ్రమైన పట్టా మీద ఆరబోయాలి. ఎంత ఆరాలి? గుప్పెడు గడ్డి తీసి గట్టిగా పిండండి. నీటి చుక్క రాలకూడదు, చేయి మాత్రం తడవాలి.

విత్తనం జొన్న గింజల మీద పెంచి సంచుల్లో, సీసాల్లో అమ్ముతారు. కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దొరికే చోటు చెప్తారు. కొనేటప్పుడు పైన రాసి ఉన్న తయారీ తేదీ చదవాలి. నెల దాటినది వద్దనాలి. గింజల మీద తెల్లని నూలు అల్లుకుని ఉండాలి. పచ్చ మచ్చ, నల్ల మచ్చ కనిపిస్తే అమ్మేవాడు ఎన్ని చెప్పినా తీసుకోవద్దు.

పాలిథిన్ సంచిలో ఒక వరుస గడ్డి, అంచుల వెంట కొంచెం విత్తనం, మళ్లీ గడ్డి – ఇలా ఐదు వరుసలు వేయాలి. రెండు కిలోల ఎండు గడ్డికి 200 గ్రాముల విత్తనం సరిపోతుంది. సంచి మూతి కట్టి, సూదితో అక్కడక్కడ రంధ్రాలు పెట్టి, చీకటి గదిలో ఉట్టిలా వేలాడదీయాలి. 15 నుంచి 20 రోజుల్లో గడ్డి అంతా తెల్లబడుతుంది. అప్పుడు సంచి చీల్చి తీసేసి, వెలుతురు వచ్చే చోట పెట్టి రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు పిచికారీ చేయాలి. నేల మీద కూడా చల్లాలి. వారం, పది రోజుల్లో మొగ్గలు వచ్చి గొడుగులు విచ్చుకుంటాయి. అంచులు ముడుచుకోక ముందే మెలితిప్పి కోయాలి. ఆలస్యం చేస్తే పొడి రాలుతుంది. ఆ పొడి పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. గదిలోకి పోయేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

ఒక కిలో ఎండు గడ్డికి అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి. మొదటి కోతలో ఎక్కువ, మూడో కోతలో తక్కువ. మూడో కోత అయ్యాక మిగిలిన గడ్డిని ఎరువు గుంటలో వేయవచ్చు. పచ్చ బూజు పట్టకుండా ఉంటే పశువులకూ కొంచెం కొంచెంగా మేతలో కలపవచ్చు.